చిన్న ఫోనుల ఉదయాస్తమయములు

చరిత్ర యనగా రాజుల వంశావళులును, యుద్ధముల తిథులును మాత్రమే కాదు. మనము దినదినమును చేతబట్టి వాడుకొను వస్తువులకును చరిత్ర కలదు. ఆ చరిత్రయందు మనుష్యుల కోరికలును, పనివారి నేర్పును, వర్తకుల లెక్కలును ఒకదానితో నొకటి పెనగులాడుచుండును. నేటి ప్రసంగమునకు నేను గైకొనిన వస్తువు అట్టిది. అది చేతి ఫోను. అందును చిన్న ఫోను. ఒక చేత పట్టుకొని, ఆ చేతి బొటనవ్రేలితోనే పని యంతయు చక్కబెట్టుకొని, చొక్కాజేబులో వైచుకొని మఱచిపోవుటకు వీలైన ఫోను ఒకప్పుడు ప్రతి అంగడిలోను దొరకెడిది. నేడు అది దాదాపు కనుమఱుగైనది. కావలెనని యడుగువారు మాత్రము కనుమఱుగు కాలేదు. అడుగువారుండగా వస్తువు ఎట్లు మాయమయ్యెను? అడుగువారందఱును కొనువారు కారా? లేక చేయువారు వారి మాటను సరిగా వినలేదా? ఈ ప్రశ్నకు సమాధానమును ఈ యేబదియేండ్ల చరిత్రలో వెదకి చూతము.

1973 ఏప్రిల్ 3 వ తేదీన న్యూయార్కు నగరపు వీథిలో నిలిచి, మోటరోలా కంపెనీ ఇంజనీరు మార్టిన్ కూపర్ చేతి ఫోనుతో మొట్టమొదట మాటలాడెను. ఆ నమూనా కిలోగ్రామునకు పైబడి తూగెను. పదేండ్ల పరిశ్రమకు పిమ్మట ఆ కంపెనీ డైనాటాక్ అను ఫోనును సిద్ధపఱచెను. 1984 లో అది అమ్మకమునకు వచ్చినప్పుడు దాని వెల 3,995 డాలర్లు. బరువు సుమారు 800 గ్రాములు. అరగంటసేపు మాటలాడినచో బ్యాటరీ ఉడిగిపోయెడిది; మఱల నింపుటకు సుమారు పది గంటలు పట్టెడిది. జనులు దానికి ఇటుక యని పేరు పెట్టిరి. పేరు తగినదే.

అటుపిమ్మట పదునైదేండ్లపాటు ఈ రంగమున అభివృద్ధి యన్న మాటకు ఒక్కటే యర్థము: చిన్నదగుట. 1989 లో మైక్రోటాక్ వచ్చెను. 1996 లో వచ్చిన స్టార్‌టాక్ మడిచి జేబులో వేసికొనదగినది. 88 గ్రాములు మాత్రమే తూగెను. 1999 లో నోకియా కంపెనీ విడుదల చేసిన 8210 అను ఫోను 79 గ్రాములు తూగెను. ఇటుకగా మొదలైనది పదియవ వంతు బరువునకు దిగివచ్చినది. పిట్ట కొంచెము, కూత ఘనము అను సామెత ఆ ఫోనులకు చక్కగా చెల్లును. మన దేశమున చేతి ఫోను ఆరంభమైనదియు ఈ కాలముననే. 1995 జులై 31 వ తేదీన కలకత్తానుండి పశ్చిమ బెంగాలు ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలో నున్న కేంద్రమంత్రి సుఖరాముతో మాటలాడుటతో అది ప్రారంభమయ్యెను.

అన్ని యేండ్లు ఫోను అట్లు కృశించుటకు వీలగుటకు కారణమేమి? ఆనాటి ఫోనుతో పని చెవికిని నోటికిని మాత్రమే. తెరయన్నది రెండు మూడు వరుసల అంకెలు చూపు కిటికీ. తరంగములను మోయు స్తంభములు ఊరూర దగ్గఱదగ్గఱగా వెలసినకొలది ఫోను ఖర్చుచేయు శక్తి తగ్గెను. లిథియము బ్యాటరీలు వచ్చి, తక్కువ బరువులో ఎక్కువ శక్తిని దాచెను. కావున ఫోను చిన్నదైనను దానిని వాడుకొనువాడు కోల్పోయినది స్వల్పమే. చిన్నతనమునకు వెల చెల్లింపవలసిన పని లేని కాలమది. తరువాతి కలహము తెలియవలెనన్నచో ఈ సంగతి మఱువరాదు.

2007 జనవరి 9 వ తేదీన ఆపిల్ కంపెనీ ఐఫోనును లోకమునకు చూపెను. మీటలు పోయెను, ముఖమంతయు తెర యయ్యెను. ఆ తెర మూల నుండి మూలకు 3.5 అంగుళములు, ఫోను వెడల్పు 61 మిల్లీమీటర్లు, బరువు 135 గ్రాములు. అంతవఱకు ఫోను చెవికి సేవకురాలు. ఆనాటినుండి కంటికి సేవకురాలయ్యెను. కంటి కోరికకు హద్దు లేదు. తెర పెద్దదైనకొలది అక్షరము స్పష్టమగును, పటము విశాలమగును, చలనచిత్రము రక్తి కట్టును. చేతికి హద్దు కలదు. అది ఎముకలచే నేర్పడిన హద్దు. ఇట్లు చేతికిని కంటికిని వ్యాజ్యము మొదలైనది.

మొదట చేతి పక్షమున వాదించినది ఆపిల్ కంపెనీయే. 2010 జులైలో జరిగిన పత్రికాగోష్ఠియందు స్టీవ్ జాబ్స్, పెద్ద ఫోను చేతిలో ఇమడదనియు, దానిని ఎవరును కొనరనియు చెప్పెను. 2012 లో ఆ కంపెనీ తెరను నాలుగు అంగుళములకు పెంచినప్పుడు సైతము పొడవును మాత్రమే పెంచి, వెడల్పును 58.6 మిల్లీమీటర్ల వద్దనే నిలిపెను. బొటనవ్రేలు తెర నంతటిని అందుకొనునని ప్రకటనలలో చాటెను.

కంటి పక్షమున వాదించినది సామ్‌సంగ్ కంపెనీ. 2011 సెప్టెంబరులో బెర్లిను ప్రదర్శనమునందు అది గెలాక్సీ నోట్ అను ఫోనును చూపెను. తెర 5.3 అంగుళములు, వెడల్పు 83 మిల్లీమీటర్లు. పత్రికలవారు నవ్విరి, చెవికి పలక నానించుకొన్నట్లున్నదని పరిహసించిరి. ఒక యేడాది నిండకమునుపే ఆ పలకలు కోటి యమ్ముడుపోయెను. నవ్వినవారు నవ్వు మానిరి. తక్కిన కంపెనీలు తెరలు పెంచసాగెను.

ఇది వట్టి మోజు కాదు. దీనికి రెండు గట్టి కారణములు కలవు.

మొదటి కారణము కొలతలయందున్నది. ఒక పెట్టెను పొడవు, వెడల్పు, మందము మూడింటను పదవ వంతు చొప్పున తగ్గింపుడు. లోపలి చోటు పదవ వంతే తగ్గినదని తోచును. నిజమునకు నూటికి 73 పాళ్లు మాత్రమే మిగులును. ఈ నష్టమును లోపలి భాగములన్నియు సమముగా పంచుకొనవు. కెమెరా కటకము, తరంగములను పట్టు తీగలు, స్పీకరు, గణనము చేయు చిప్పు, ఇవి ఫోను చిన్నదైనంత మాత్రమున చిన్నవి కావు. నష్టము చాలవఱకు బ్యాటరీ మీదనే పడును. తెర చిన్నదైనందున శక్తి ఖర్చు కొంత తగ్గుట నిజమే. కాని చిప్పును రేడియోను అంతే యాకలితో నుండును. ఆ వెనుక నాలుగవ తరము తరంగములు వచ్చినప్పుడు, మొదటి చిప్పులు బ్యాటరీని త్రాగివేసెను. దానికి విరుగుడు పెద్ద పెట్టెలో పెద్ద బ్యాటరీ. వేడిమి సంగతియు నట్టిదే. చిన్న దేహము వేడిని వెలికి పంపుటకు చాలినంత వైశాల్యము లేనిది.

రెండవ కారణము వాడుకయందున్నది. అమెరికాలో ఫోనున్నవాని బల్లమీద తఱచుగా కంప్యూటరు కూడ నుండెను. మన దేశమున కోట్లకొలది జనులకు ఫోనే మొదటి కంప్యూటరు, అదియే కడపటి కంప్యూటరు. 2016 సెప్టెంబరులో జియో సేవ ప్రారంభమై ఇంటర్నెట్ వెల దిగిపోయిన పిమ్మట, ఫోనే వార్తాపత్రిక, ఫోనే సినిమాశాల, ఫోనే పాఠశాల యయ్యెను. అందును తెలుగు చదువువాని యక్కఱ వేఱు. మన యక్షరమునకు పైన గుడియు, క్రింద వత్తును ఉండును. స్త్రీ, శాస్త్రము వంటి మాటలలో వత్తు క్రింద వత్తు చేరును. రోమను లిపికి చాలిన వరుస యెత్తు మన లిపికి చాలదు. ఇఱుకు తెరమీద వత్తులు కలిసిపోయి కన్ను నొచ్చును. వార్ధకమున చూపు మందగించినవారి మాట చెప్పనక్కఱలేదు. పెద్ద తెరను కోరినవారు ఆడంబరమునకు కోరిరనుట న్యాయము కాదు.

ఇక చేతి పక్షమువారి మనవులకు ఏమి గతి పట్టినదో చూతము.

2013 లో కంపెనీలు చిన్న ఫోనులను మినీ యను పేరుతో విడుదల చేసెను. సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్4 తెర అయిదు అంగుళములు. దాని మినీ తెర 4.3 అంగుళములు. తగ్గినది తెర యొక్కటే కాదు. కెమెరా 13 మెగాపిక్సెళ్లనుండి ఎనిమిదికి దిగెను. చిప్పు తక్కువ తరగతిది. తెర నాణ్యమును తగ్గెను. చిన్నది కావలెనన్నవానికి చవుకబారుది యిచ్చినట్లాయెను. పాదము చిన్నదైనవాడు మంచి చెప్పులు కోరరాదా? ఆ ఫోనులు అమ్ముడుపోకున్నచో చిన్న ఫోనులకు గిరాకి లేదని తీర్పు చెప్పుట న్యాయమా?

ఈ మాటకు జవాబు చెప్పినది సోనీ కంపెనీ. 2014 జనవరిలో అది చూపిన ఎక్స్‌పీరియా జెడ్1 కాంపాక్ట్, పెద్ద ఫోనునందలి చిప్పునే, 20.7 మెగాపిక్సెళ్ల కెమెరానే 4.3 అంగుళముల తెర వెనుక నిమిడ్చెను. దానికి చెల్లించిన వెల స్పష్టము: మందము 8.5 మిల్లీమీటర్లనుండి 9.5 కు పెరిగెను. బ్యాటరీ 3,000 మిల్లీ ఆంపియర్ అవర్లనుండి 2,300 కు తగ్గెను. కోరినవారికి ఇది నిజాయితీగల బేరము. సోనీ ఈ వరుసను 2018 వఱకు నడపెను. ఆ యేటి ఎక్స్‌జెడ్2 కాంపాక్ట్ తెర అయిదు అంగుళములకు చేరినది. అదియే ఆ వరుసలో కడపటిది.

2014 సెప్టెంబరులో ఆపిల్ కంపెనీయు కంటి పక్షమునకు చేరెను. 4.7, 5.5 అంగుళముల ఐఫోనులు వెలువడెను. ఆ యేటి చివరి మూడు మాసములలో ఆ కంపెనీ 7 కోట్ల 45 లక్షల ఫోనుల నమ్మెను. అయినను ఆ పెద్ద ఫోనులలోనే ఒక యొప్పుకోలు దాగియున్నది: ఇంటిమీటను రెండుమాఱులు తాకినచో తెర పైభాగము క్రిందికి దిగివచ్చి బొటనవ్రేలికి అందునట్లు ఒక యేర్పాటు చేసిరి. చేతికి అందదని చేసినవారే యెఱుగుదురన్నమాట.

వ్యాజ్యము అంతటితో తెగలేదు. 2015 లో సైతము నాలుగంగుళముల ఐఫోనులు మూడు కోట్లు అమ్ముడుపోయినవని ఆ కంపెనీయే 2016 మార్చిలో ప్రకటించి, 113 గ్రాముల ఐఫోన్ ఎస్ఈని విడుదల చేసెను. పాత దేహములో క్రొత్త చిప్పు, వెలయు తక్కువ. ప్రజలు దానిని ఆదరించిరి. 2018 సెప్టెంబరులో అది నిలిచిపోయెను.

తుది విచారణ 2020 లో జరిగెను. ఆ నవంబరున ఐఫోన్ 12 మినీ అంగళ్లకు వచ్చెను. తెర 5.4 అంగుళములు, వెడల్పు 64.2 మిల్లీమీటర్లు, బరువు 2007 నాటి మొదటి ఐఫోనునకు దాదాపు సమానము. అంగుళముల లెక్క యెట్లు మోసపుచ్చునో ఇచట గమనింపదగును. నవ్వులపాలైన నోట్ తెర 5.3 అంగుళములే, కాని దాని వెడల్పు 83 మిల్లీమీటర్లు. అంచులు పలుచబడి, తెర పొడవుగా సాగుటచే అదే యంగుళముల లెక్క వేఱు వేఱు దేహములకు చెల్లుచున్నది. మినీలో చిప్పు, కెమెరా పెద్దదానివే. తగ్గినది బ్యాటరీ: కంపెనీ లెక్క ప్రకారము 12 లో 17 గంటలసేపు చిత్రము చూడవచ్చును, మినీలో 15 గంటలు. మన దేశమున వెల 79,900 రూపాయలకు బదులు 69,900.

చేతి పక్షమువారు కోరినది దాదాపు అంతయు దొరకినది. ఫలితమేమి? కౌంటర్‌పాయింట్ అను పరిశోధన సంస్థ లెక్క ప్రకారము, 2021 జనవరి మొదటి సగమున అమెరికాలో అమ్ముడైన ఐఫోనులలో మినీ నూటికి అయిదు. 2021 లో 13 మినీ వచ్చి, చూపు కాలము 17 గంటలకు పెరిగినను, 2022 లో దానికి వారసుడు లేకపోయెను. 2023 సెప్టెంబరులో 13 మినీయు వెళ్లిపోయెను.

ఇచట చరిత్రకారుడు తొందరపడి తీర్పు వ్రాయరాదు. మినీ వచ్చుటకు ఏడు మాసముల ముందు, 2020 ఏప్రిల్‌లో, క్రొత్త ఎస్ఈ దానికన్న ఎంతో తక్కువ వెలకు వచ్చి, చిన్న ఫోను కోరువారిలో కొందఱిని ముందే తీసికొనిపోయెను. ఆ యేడు కోవిడు మహమ్మారి యేడు. అనేకులు ఇండ్లలో కూర్చుండి తెరలవంకనే చూచిరి. చేతబట్టి నడచు పని తగ్గెను. మఱియొక సంగతి. మినీ విడిచిపోయిన నాలుగవ స్థానమున 6.7 అంగుళముల ప్లస్ అను ఫోనును నిలిపిరి. మూడు తరముల పిమ్మట 2025 లో దానినియు తొలగించి, పలుచని ఎయిర్ అను ఫోనును పెట్టిరి. ఆ స్థానమున పెద్దదియు నిలువలేదు. కావున మినీ తొలగిపోయినది చిన్నదగుటవలననే యని చెప్పుటకు వీలులేదు.

ఇతరుల యనుభవము మాత్రము ఇంచుమించు అట్టిదే. ఏసుస్ కంపెనీ 2021 నుండి 2023 వఱకు మూడేండ్లు 5.9 అంగుళముల జెన్‌ఫోనులను చేసి, 2024 లో 6.78 అంగుళములకు ఎగబ్రాకెను. 2022 మేలో, పెబుల్ గడియారములను నిర్మించిన ఎరిక్ మిగికోవ్‌స్కీ చిన్న ఆండ్రాయిడ్ ఫోను కొఱకు సంతకములు సేకరించెను. ఆఱు అంగుళములకు లోబడిన తెర, గొప్ప కెమెరా, కల్తీలేని ఆండ్రాయిడ్, ఇవి యతని కోరికలు. వేలకొలది జనులు సంతకములు పెట్టిరి. సంతకమునకు సిరాయైన ఖర్చు కాదు. ఫోను కొనుటకు మాత్రము ఒకటి వదలుకొనవలెను. చిన్న దేహము, పెద్ద బ్యాటరీ, దూరదృష్టిగల కెమెరా, తక్కువ వెల, ఇవన్నియు ఒక్కచో కావలెననుట, అవ్వా కావలెను బువ్వా కావలెను అన్నట్లుండును. అడిగినవారు అబద్ధమాడలేదు. వారి కోరిక నిజము. ఆ కోరికకు వెలచీటి యంటించినప్పుడు పెక్కుమంది వెనుకాడిరనుటయు నిజమే.

అయినను నూటికి అయిదుగురే కదాయని త్రోసివేయుట తగునా? ఆ యైదుగురెవరో అడుగవలెను. 2013 లో జేనెప్ తుఫెక్చి యను సామాజిక శాస్త్రజ్ఞురాలు ఒక వ్యాసము వ్రాసినది. ఇస్తాంబులు నగరపు ఆందోళనలలో బాష్పవాయువు నడుమ నిలిచి, ఒక చేత ఫోను పట్టి చిత్రము తీయబోయిన తనకు ఫోను చేతికి మించినదై యుండెనని ఆమె చెప్పినది. ఈ ఫోనులు మగవాని చేతి కొలతకు చేసినవి యని ఆమె యభియోగము. 2019 లో కరోలిన్ క్రియాడో పెరేజ్ తన ఇన్విజిబుల్ ఉమెన్ అను గ్రంథమున ఈ విషయమునే మఱల ప్రస్తావించినది. సగటున స్త్రీ హస్తము పురుషహస్తముకన్న చిన్నది. ఆమె దుస్తులకు జేబులే తక్కువ. బస్సులో ఒక చేత కడ్డీని పట్టుకొని నిలుచునామెకు, చంకను బిడ్డ నెత్తుకొన్న తల్లికి, ఒక చేయి మాత్రమే పనిచేయువానికి, ఒంటిచేతి ఫోను విలాసవస్తువు కాదు. అంగడి లెక్కలో వీరందఱును పెద్ద ఫోను కొన్నవారుగానే నమోదగుదురు. ఏలయన అంగడిలో మఱియొకటి లేదు. లేని వస్తువును ఎవరును కొనలేదు గనుక ఎవరికిని అక్కఱలేదని వాదించుట తర్కశాస్త్రమునకు సమ్మతము కాదు.

వ్యాజ్యమున నేటి స్థితి యిది. 2025 ఫిబ్రవరిలో 4.7 అంగుళముల ఎస్ఈయు నిలిచిపోయెను. దాని తావున వచ్చిన 16ఈ తెర 6.1 అంగుళములు. మఱియొకవంక, సిలికాను కార్బను కలిసిన క్రొత్త బ్యాటరీలు చైనా కంపెనీల ఫోనులలో వచ్చి, అదే చోటులో ఎక్కువ శక్తిని దాచుచున్నవి. 2024 అక్టోబరులో చైనాలో వెలువడిన వీవో ఎక్స్200 ప్రో మినీలో 5,700 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీ యిమిడినది. చిన్న దేహమునకు చెల్లింపవలసిన పెద్ద జరిమానా బ్యాటరీయే గనుక, ఇది చేతి పక్షమువారికి శుభవార్త. కాని ఆ మినీ తెర 6.3 అంగుళములు, వెడల్పు సుమారు 72 మిల్లీమీటర్లు. 2020 నాటి మినీకన్న ఎనిమిది మిల్లీమీటర్లు వెడల్పు. వస్తువుతోపాటు చిన్న యను మాట కూడ పెరిగినది.

ఇందువలన మనము గ్రహింపవలసినది రెండు సంగతులు. కొనువారు అంగుళముల సంఖ్యను నమ్మరాదు. దేహము వెడల్పును మిల్లీమీటర్లలో అడిగి, చేతబట్టి, బొటనవ్రేలు పైమూలకు అందునో లేదో చూడవలెను. అందుకొఱకు ఎన్ని గంటల బ్యాటరీని వదలుకొనగలరో తమలో తాము నిశ్చయించుకొనవలెను. చేయువారు, మూడేండ్ల అమ్మకముల పట్టికనే శాసనముగా భావింపరాదు. బ్యాటరీ చోటు పెరుగుచున్న యీ కాలమున పాత లెక్క మఱల వేయదగినది. కంటి పక్షమునకు తీర్పు న్యాయముగనే వచ్చినది. చేతి పక్షమునకు రావలసిన పాలు మాత్రము ఇంకను ముట్టలేదు.